మేస్త్రిగారి గాజుముక్క

మా మావయ్యగారు పోయారన్న కబురు స్టేషన్‌కి నేనే మోసుకెళ్లాను. పోర్టరు తలపాగా తీసి, "అయితేనండీ, ఇక కమాను కింద నిలబడొచ్చాండీ?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే, ఆయన్ని తలుచుకోవడానికి అంతకంటే తగిన మాట లేదనిపించింది.

ఏలూరుకీ భీమడోలుకీ మధ్య ఉన్న మా చిన్న స్టేషన్ ఒకప్పుడు తాటాకు పాక. దాన్ని ఇటుకలతో, గానుగసున్నంతో పెంకుల కట్టడంగా లేపిన తాపీమేస్త్రి మా మావయ్యగారే. కొల్లేటి నల్లమట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. అందుకని పునాదిలో నిలువులోతు ఇసుక పోయించారు. అంత జాగ్రత్త మనిషీ ఒక్కచోట తొందరపడ్డారు. తనిఖీకి దొర వస్తున్నాడని కంట్రాక్టరు తరిమితే, టిక్కెట్ల గది ముందు ఇటుకలతో వంచి కట్టిన కమానుకి సున్నం ఆరకముందే, కింద ఆనుగా పెట్టిన చెక్కలు తీయించేశారు. వెంట్రుకవాసి పగులు తేలింది.

ఇంజనీరు చూసి ఫర్వాలేదన్నాడు. మావయ్యగారికే మనసు కుదుటపడలేదు. పగులుకి అడ్డంగా సన్నని గాజుముక్క అతికించారు. కమాను కదిలితే గాజు విరుగుతుంది. మీరు ఆ దారిన దిగితే తలెత్తి చూడండి, ఇప్పటికీ కనిపిస్తుంది. ఆరేళ్లపాటు పొద్దున్నే వెళ్లి దాన్ని చూసి వచ్చాకే ఆయనకి చద్దన్నం. రైలు వేళకి ఆ కింద ఎవరున్నా ఊరుకునేవారు కాదు. "ఇలా రండమ్మా, అక్కడ గాలాడదండీ" అనేవారు, అక్కడ నిలబడ్డావిడ కొంగు గాలికి ఎగిరిపోతున్నా సరే.

"ఆరేళ్లు నిలిచింది కదండీ మావయ్యగారూ, ఇకనైనా నిమ్మళంగా ఉండండి" అన్నాను ఓసారి విసుగ్గా.

"నిన్నటి రైలుకి నిలిచిందమ్మా. ఇవాల్టి రైలు ఇంకా రాలేదుగా" అన్నారు.

ఆ విసుగు ఇప్పుడు నన్నే పొడుస్తోంది.

కర్మకాండ ముగిసిన మర్నాడు ఇంట్లో కాలు నిలవక స్టేషన్‌కి వెళ్లాను. వాన. జనం చూరు కింద ఇరుక్కుని తడుస్తున్నారు గానీ కమాను కిందికి ఒక్కరూ రాలేదు. ఆయన చేసిన అలవాటు. నేను వెళ్లి సరిగ్గా దాని నడిమధ్యన నిలబడ్డాను.

"అమ్మగారూ, ఇవతలకి వచ్చేయండీ! మెయిలు వస్తోందండీ!" అని పోర్టరు కేకేశాడు.

కదల్లేదు. గాజు మీదే కళ్లు పెట్టాను. మెయిలు ఆగకుండా దూసుకొచ్చింది. కాళ్ల కింద నేల అదిరింది. ఆఖరి పెట్టె దాటిపోయింది.

గాజు విరగలేదు.

వానలోనే ఇంటికి పరుగెత్తాను. గుమ్మం ముందు నిలబడి, "మావయ్యగారూ, నిలిచిందండీ!" అని అరిచాక గానీ గుర్తురాలేదు. అరుగు మీద ఆయన తాపీ తడుస్తోంది.