రెండువేల తొమ్మిదివందల పద్నాలుగు రోజులు

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే ఆయన్ని వీధిలో అందరూ అద్దాలాయన అనే పిలుస్తారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా అద్దం ఫ్రేములో కూర్చోదు కాబట్టి తొందర అన్నది ఆయన ఒంటికి పడలేదు. నోట్లో వేలు పెడితే కొరకలేడని వాళ్ళావిడ మురిపెంగానూ చెప్తుంది, విసుగ్గానూ చెప్తుంది.

అలాంటి మనిషికి ఒక్కటే పిచ్చి. షాపులో పారేయబోయిన పాత కంప్యూటరు ఇంటికి తెచ్చి, లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించి, వంటింటి పక్క గూట్లో పెట్టుకున్నాడు. మొదట్లో అందులో ఆయన సొంత వెబ్‌సైటు ఒక్కటే ఉండేది. అద్దాల లెక్కల కోసం రాసుకున్న చిన్న ప్రోగ్రాములు, అవి ఎక్కడ మొరాయించాయో, ఎలా దారికొచ్చాయో, అంతే. రంగుల్లేవు, బొమ్మల్లేవు. అది చదివి ఎవరో మాకూ కాస్త చోటిస్తారా అని అడిగారు. ఈయనకి కాదనడం వస్తేగా! ఇప్పుడు ఆ గూట్లో ముప్ఫై ఒక్కమంది సైట్లు కాపురం ఉంటున్నాయి. ఒకాయన బస్సుల మెకానిక్కు, ఒకావిడ లైబ్రేరియను. ఒకరి మొహం ఒకరు చూసిన పాపాన పోలేదు, లినక్సే వాళ్ళ చుట్టరికం.

ఆ కంప్యూటరు ఒక్కసారి కూడా ఆగకుండా ఎన్ని రోజులుగా నడుస్తోందో ఆయన సైటు పైనే అంకె ఉంటుంది. ప్రతి ఒకటో తారీకున ఆ అంకెని అందరి ఉమ్మడి పేజీలో రాస్తాడు. అందరూ శభాష్ అంటారు. ఆ రోజు ఆయన షాపుకి ఈల వేసుకుంటూ వెళతాడు.

అంకె రెండువేల తొమ్మిదివందల పద్నాలుగు దగ్గరుండగా ఇల్లు మారాల్సి వచ్చింది. అదే వీధి, నాలుగిళ్ళ అవతల, రెండో అంతస్తు.

"ఆపకుండానే మోసుకెళదాం," అన్నాడు అద్దాలాయన.

ఎలక్ట్రీషియన్ పని చేసే బావమరిది ఎగాదిగా చూశాడు. "బావా, నెట్టు ఎలాగూ తెగుతుంది కదా?"

"నెట్టు తెగితే తెగనీ. ప్రాణం పోకూడదు."

సరే, బావ మాట కాదనలేక ఆ అబ్బాయి కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ పెట్టెని, కంప్యూటరునీ కలిపి ట్రాలీకి కట్టాడు. పట్టపగలు ఊరేగింపు బయల్దేరింది. ముందు వాళ్ళావిడ చేతులు చాపి స్కూటర్లని ఆపుతోంది, వెనక అద్దాలాయన రెండు చేతులా డబ్బాని పట్టుకుని అడుగులో అడుగు వేస్తున్నాడు. మెట్ల మీద బావా బావమరిదీ చెరోవైపు మోశారు. మొదటి అంతస్తు చేరేసరికి బ్యాటరీ కుయ్‌మంది.

"ఐదు నిమిషాలు కూడా ఆగదు బావా. పరిగెడదామా?"

"లోపల తిరుగుతున్న డిస్కు. జారితే అంతే సంగతులు."

అద్దాలాయన మెట్టు మీద చతికిలబడ్డాడు. ఎనిమిదేళ్ళుగా కడుపులో దాచుకున్నది అప్పుడు బయటికొచ్చింది. "నాకు అంకె గొడవ కాదు. నడుస్తుండగానే వంద మార్పులు చేశాను. ఏది రాసిపెట్టానో, ఏది మర్చిపోయానో నాకే తెలీదు. ఆపితే మళ్ళీ లేవదేమోనని భయం. ముప్ఫై ఒక్కమంది నన్ను నమ్ముకున్నారు."

"కాపీలు తీసేవారుగా?" అంది వాళ్ళావిడ.

"తీశాను. పనిచేస్తాయో లేదో ఎప్పుడూ తెరిచి చూళ్ళేదు."

ఆవిడ ఆపరేషన్ థియేటర్లో నర్సు. పక్కనే మెట్టు మీద కూర్చుంది. "రోజూ మనుషుల్ని మత్తులోంచి లేపేదాన్ని. ఈ డబ్బాని లేపుకోలేమా? ఆపండి. నేనున్నాగా."

ఆయన మీట ఒక్కసారి నొక్కాడు. ఫ్యాను చప్పుడు సన్నబడి ఆగిపోయింది.

పైన కొత్త గదిలో తీగలు తగిలించి, మళ్ళీ నొక్కాడు. నల్లటి తెర మీద తెల్లటి వరసలు పరిగెత్తాయి. ఆవిడ ఫోన్లో ఒక్కొక్క సైటే తెరుస్తూ పైకి చదివింది. మెకానిక్కుది వచ్చింది. లైబ్రేరియనుది వచ్చింది. ముప్ఫై ఒకటీ వచ్చాయి. అద్దాలాయనది మాత్రం పేజీ దొరకలేదంది.

తన సైటున్న చిన్న డిస్కుని ఆయన ఎప్పుడో చేత్తో తగిలించాడు. నిద్రలేవగానే దాన్నీ తగిలించుకోమని మిషనుకి చెప్పే ఒక్క లైను రాయలేదు. మందికైతే ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశాడు, తనదే కదా తర్వాత చూద్దాంలే అనుకున్నాడు.

"శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది మీ వరస," అని ఆవిడ నవ్వింది.

ఆ లైను రాసి, తప్పు చేసినవాడిలా ఉమ్మడి పేజీలో పెట్టాడు: "ఇల్లు మారాం. ఆపక తప్పలేదు. అంకె: నలభై నిమిషాలు."

క్షణాల్లో లైబ్రేరియను జవాబు వచ్చింది. "హమ్మయ్య!"

వెనకే మెకానిక్కు రాశాడు. "ఎనిమిదేళ్ళుగా ఆగని బండంటే షెడ్డు మొహం చూడని బండి. కంప్యూటరైనా అంతే, ఆపి లేపితేగాని కొత్త మరమ్మతులు లోపలిదాకా ఎక్కవని మా అందరికీ తెలుసు. ఒకటో తారీకున మీ సంబరం చూసి ఎవరికీ చెప్పడానికి నోరు రాలేదండీ."

మళ్ళీ లైబ్రేరియను. "ఇంకోమాట. మీ సైటు పోతుందని దిగులు పడకండి. మా ముప్ఫై ఒక్కమంది దగ్గరా దాని కాపీ ఉంది. మాది మీరు చూస్తారు, మీది మీరు చూసుకోరని తెలిసి మేమే వంతులేసుకుని దాచాం. తెరిచి కూడా చూశాం, అన్నీ పనిచేస్తున్నాయి."

అద్దాలాయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఇన్నాళ్ళూ వాళ్ళని తనే మోస్తున్నాననుకున్నాడు పాపం. ఇంత సంతోషం ఏ అంకె చూసినా కలగలేదు.

ఇప్పుడాయన ప్రతి ఒకటో తారీకున కంప్యూటరుని ఆపి, లేపి, ఉమ్మడి పేజీలో "లేచింది" అని రాస్తాడు. ముప్ఫై ఒక్క శభాష్‌లూ వస్తాయి. తర్వాత ఈల వేసుకుంటూ షాపుకి వెళతాడు.