సూరిబాబు వైపు వెళ్ళిన ఎకో

దయ్యాలు లేవని తెలిసి కూడా, ఒక్కటుంటే బాగుండునని మీరెప్పుడైనా కోరుకున్నారా? నేను కోరుకున్నాను. అందుకే, ఈ సంగతిలో మీరు ముందుగా అనుమానించవలసింది నన్నే.

బాబాలతో వేదికలెక్కి వాదించినవాణ్ణి. పసుపు నీళ్ళలో సున్నం కలిపి, స్వాములు చూపించే రక్తం ఇదేనని తీర్థాల్లో జనానికి చూపించినవాణ్ణి. చనిపోయినవాళ్ళు తిరిగొస్తారన్న మాటను ఒక్క పూట కూడా నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను.

సూరిబాబు, నేను అమలాపురంలో ఒకే పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటార్లు వాయించేవాళ్ళం. ఎవరి యాంప్లిఫయర్ వారిదే. స్వరాన్ని కాసేపు పట్టుంచి మళ్ళీ మళ్ళీ మోగించే ఎకో పెట్టె మాత్రం ఇద్దరికీ ఒక్కటే. కువైట్‌లో పనిచేసి తిరిగొచ్చినప్పుడు సూరిబాబు ఆ ఎకోను అటూ ఇటూ మార్చే మిడి స్విచ్చర్ ఒకటి తెచ్చాడు. నేల మీది పెడల్‌లో ఒకటి నొక్కితే ఎకో నా యాంప్‌కు కలుస్తుంది, రెండు నొక్కితే అతని యాంప్‌కు. నొక్కిన అంకె మిడి తీగ గుండా స్విచ్చర్‌కు చేరుతుంది. అంతే. మంత్రమేమీ లేదు.

అయితే సూరిబాబుకో దురలవాటు ఉండేది. నా చివరి స్వరం ఇంకా మోగుతుండగానే రెండు నొక్కేసేవాడు. దాంతో, ఎకో పెట్టెలో మిగిలిన నా స్వరం అతని యాంప్‌లోంచి బయటికొచ్చేది. నా దగ్గర మొదలై అతని దగ్గర ముగిసేది.

"నా స్వరం తోక పట్టుకుపోతావేంట్రా?" అని తిట్టేవాణ్ణి.

"తోకే కదరా! మొహం నువ్వే ఉంచుకో, పెళ్ళివారు ఫొటో తీసుకుంటారు," అనేవాడు.

నిరుడు వానాకాలంలో సూరిబాబు గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత నేను గిటార్ ముట్టలేదు. వాయిస్తే స్వరం నా యాంప్‌లోనే మొదలై నా యాంప్‌లోనే ఆగిపోతుందని తెలుసు. అది వినే ధైర్యం లేకపోయింది.

ఈ వేసవిలో అతని భార్య నాగమణి కొత్తపేట నుంచి ఫోన్ చేసింది. యాంప్‌ను కాకినాడలో ఉన్న తమ్ముడి పిల్లలకు పంపేస్తోందట. "పంపేముందు ఓసారి మోగించి వెళ్ళండి అన్నయ్యగారూ. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందండీ."

నా గిటార్, యాంప్ పట్టుకెళ్ళి, భోజనాలయ్యాక వాళ్ళ వసారాలో అన్నీ పాత పద్ధతిలోనే కలిపాను. సూరిబాబు యాంప్ వెలిగించాను గానీ దానికి గిటార్ తగిలించలేదు. ఒకటి నొక్కి, దూరంగా కుర్చీలో కూర్చున్నాను. పెళ్ళికూతురు మండపంలోకి వచ్చేటప్పుడు వాయించడానికి మేమిద్దరం కట్టుకున్న పాట ఎత్తుకున్నాను. నా వంతు ముగిసే చోట చివరి తీగ మీటాను.

పెడల్ దగ్గర ఎవరూ లేరు. స్విచ్చర్ మీద ఒకటి ఆరి, రెండు వెలిగింది. నా స్వరం తోక అటు పక్కనుంచి వినిపించింది. తగ్గుతూ, తగ్గుతూ ఆగిపోయింది. ఆ పైన అతను అందుకోవాలి. అటు ఏమీ రాలేదు.

నాగమణి గుమ్మంలో నిలబడిపోయింది. నేను లేచి తీగలు మార్చాను. సిగ్నల్ ఏదైనా తగులుతోందేమోనని ఫోన్లు రెండూ వీధిలో పెట్టించాను. కరెంటు తడబడిందేమో అనుకున్నాను. కానీ కరెంటు పోయి వస్తే ఆ స్విచ్చర్ ఒకటిలోనే లేస్తుంది, రెండులో కాదు. చివరికి మిడి తీగను పూర్తిగా పీకేశాను. ఇక దానికి అంకె చెప్పేవాళ్ళెవరూ లేరు. స్విచ్చర్‌ను ఆపి వేసి, ఒకటి వెలిగాక మళ్ళీ వాయించాను. అదే చోట, అలాగే తొందరపడి, రెండు వెలిగింది. వేరే పాటలు వాయిస్తే ఏమీ జరగలేదు.

తర్వాత ఫోన్ తెప్పించి వీడియో కూడా తీశాను. మీరు నమ్మనక్కర్లేదు. నాకెవరైనా అలాంటిది చూపిస్తే నేనూ నమ్మను.

"మీరైతే అబద్ధం చెప్పరండీ," అంది నాగమణి. "ఆయనేనా అన్నయ్యగారూ?"

"యంత్రం కదమ్మా, ఎక్కడో లోపం ఉండుంటుంది."

"ఆయ్. మరి ఆ లోపానికి పాటెలా తెలిసిందండీ?"

కాదు అన్న ఒక్క మాట అనాలి. ఊరూరా అన్న మాటే. నోరు పెగల్లేదు. ఎందుకంటే ఆ స్వరం అటు వెళ్ళినప్పుడు నా చెయ్యి, తర్వాతి తీగ కోసం కాక, సూరిబాబు కోసం ఆగింది.

ఆమె యాంప్ పంపడం మానేసింది. మళ్ళీ వెళ్ళినప్పుడు చూస్తే దాని మీద బంతిపూలు, ముందు దీపం. పక్కవీధి వాళ్ళు వచ్చి దణ్ణం పెట్టి వెళుతున్నారట. నాగమణి మధ్యాహ్నాలు ఎక్కడికీ కదలడం లేదు, ఎదురుగా కూర్చుని ఉంటోంది. నేను అనలేకపోయిన ఒక్క మాట ఆ ఇంట్లో గుడిగా మారుతోంది. పూలు తీసేద్దామని చెయ్యి చాపి, తీయలేక వెనక్కి వచ్చాను.

నాకు తెలియని కారణం ఉండే ఉంటుంది. స్విచ్చర్ జ్ఞాపకంలో పాత ఆదేశం ఏదైనా మిగిలిందో, చివరి స్వరానికి ఏ లోపలి భాగం కదులుతోందో నాకు తెలియదు. వెతికాను, దొరకలేదు. నిజం చెప్పాలంటే, దొరకాలని గట్టిగా వెతకలేదేమో కూడా.

కాబట్టి ఈ పని తెలిసినవాళ్ళు ఇంట్లో కూర్చుని నవ్వకండి. మీ తీగలు, మీ మీటర్లు తీసుకుని కొత్తపేట రండి. నాగమణి ఎదురుగానే విప్పి చూడండి. కారణం దొరికితే మా ఇద్దరికీ చూపించండి.

చూపించి, మళ్ళీ మూత బిగించండి. బాగు మాత్రం చెయ్యకండి.