ఒక్కతే రానన్న హంతకురాలు

అసలు తప్పంతా నాదేనట. ఒక్క హంతకురాలి కోసం బయల్దేరి పదకొండుమందిని వెంటేసుకొచ్చానట. మా కెమెరావాడిది ఇప్పటికీ అదే పాట. ఒరేయ్, ఆ రోజు ధరూర్ చేనుగట్టు మీద నువ్వూ ఉన్నావు కదా, ఇంకేం చేయమంటావు నన్ను?

మాది కాలేజీ ఫైనల్ ఇయర్ సినిమా. ఊళ్ళో ఆడవాళ్ళను వేధించేవాడు ఒకడు కాలవలో శవమై తేలతాడు. చంపింది ఒకామె. ఆదివారం సాయంత్రానికల్లా కెమెరా తిరిగిచ్చేయాలి. అప్పటికి షూటింగ్ కాకపోతే నేను ఫెయిల్. శుక్రవారం వచ్చినా నా హంతకురాలు దొరకలేదు. "నటులు కావాలి, భోజనం మాత్రమే పెడతాం" అని స్టేటస్ పెడితే గద్వాల నుంచీ వనపర్తి నుంచీ ఒకటే ఫోన్లు. అందరూ మగపిల్లలే. అందరికీ ఎస్సై వేషమే కావాలి. ఒకడైతే నల్ల కళ్ళద్దాలు తనవే తెచ్చుకుంటానన్నాడు.

చివరికి షేర్ ఆటో ఎక్కి ధరూర్ వైపు వెళ్ళాం. విత్తన పత్తి చేలో మగపూల పుప్పొడిని ఆడపూలకు అద్దే కూలీలు మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నారు. పదకొండుమంది ఆడవాళ్ళు. అందులో ఒకమ్మాయి కళ్ళు చూడగానే నా సినిమా మొత్తం కనిపించింది.

"అక్కా, మా సినిమాలో చేస్తావా? హత్య చేసే పాత్ర."

ఆమె ముద్ద కలుపుతూనే తలెత్తింది. "ఎవ్వల్ని?"

అందరూ పడీపడీ నవ్వారు.

"గని నేనొక్కదాన్ని రాను మేడమ్. మాది గుంపు. వస్తే అందరం వస్తం, లేకుంటె లేదు."

ఎలాగో బతిమాలి ఒక్క టెస్ట్ షాట్‌కి ఒప్పించాను. ఫోన్ ఎత్తి పట్టుకుని కోపంగా చూడమనీ, ఇంకొంచెం కోపంగా అనీ, ఛార్జింగ్ అయిపోతోందనీ ఆమెను తొందరపెట్టాను. ఫోన్‌ను నీళ్ళ బిందెకు ఆనించి, వెలుతురు చూడ్డానికి వేపచెట్టు దగ్గరికి వెళ్ళాను. తర్వాత ఆమెను ఒక్కదాన్నే అక్కడికి పిలిచాను. పోలీసు అడిగితే ఏం చెప్తావో చెప్పమన్నాను. ఆమె గుంపు వైపు చూసింది. మళ్ళీ అడిగాను. మళ్ళీ అటే చూసింది. మూడోసారికి తిక్క లేచి, "నోరు లేదా నీకు?" అని అరిచేశాను.

గుంపు పెద్దమ్మ ఎంగిలిచేత్తోనే వచ్చింది. "మా పిల్ల మీద ఒర్లుతున్నవేంది బిడ్డా? పట్నంల మనుషుల్ని గిట్లనే పిలుస్తరా? లేవుండ్రే, పని జూసుకుందాం."

టపటపా టిఫిన్ మూతలు పడ్డాయి.

గట్టు మీద కూలబడి ఫోన్ తీసుకున్నాను. రికార్డింగ్ ఇంకా నడుస్తోంది! వెనక్కి జరిపి చూస్తే ఆ అమ్మాయి టిఫిన్ మూతను ఫోన్‌లా ఎత్తి పట్టుకుని, మెడ వంచి, కనుబొమలు ముడిచి, అచ్చం నేనే. "అక్కా, జర కోపంగ జూడవా? ఇంగ జర! ఛార్జింగ్ అయిపోతుంది!" మిగతా పదిమందీ పొట్టలు పట్టుకుని దొర్లుతున్నారు.

ముందు ఒళ్ళు మండింది. తర్వాత నాకే నవ్వు ఆగలేదు. పరుగెత్తి, "తప్పయింది పెద్దమ్మా" అని ఫోన్ చూపించాను. పదకొండు తలకాయలు దాని మీద వాలాయి.

"కతేందో జెప్పు ముందుగాల," అంది పెద్దమ్మ.

"ఒకామె వాణ్ణి కాలవలోకి తోసేస్తుంది."

"ఒక్కతేనా? మిగిలినోళ్ళం జూసుకుంట ఊకుంటమా? కలుపుకైనా పెండ్లికైనా మేం గుంపుగనే పోతం బిడ్డా."

అక్కడికక్కడే నా కథ మారిపోయింది. ఇక వాణ్ణి కాలవలోకి తోసేది పదకొండుమందీ.

ఆదివారం ఎస్సై వేషానికి ఎగబడ్డవాళ్ళలో ఒక్కడూ రాలేదు, మా కెమెరావాడే వేశాడు. కెమెరా నేను పట్టాను. "ఎవరు చంపారు?" అని గద్దించాడు.

"ఎండల పడి వచ్చినవ్ సారూ, నీళ్ళు తాగు," అంది పెద్దమ్మ. ఒకామె గుప్పెడు పల్లీలు చేతిలో పోసింది. నా హంతకురాలు చెంగు సర్దుకుని, "సారూ, పెండ్లయిందా?" అంది. వాడు సిగ్గుపడి, నీళ్ళు తాగి, పల్లీలు ఒలుచుకుంటూ అసలు ప్రశ్న మర్చిపోయాడు. నిజంగానే మర్చిపోయాడు. నేను కట్ చెప్పలేదు. అయిదింటికల్లా కెమెరా బస్సెక్కింది.

చంపిందెవరో తేలలేదని ఇప్పుడు ఆ పల్లీలు తిన్నవాడే అంటున్నాడు! సరే, మీరు చెప్పండి. ఆ పదకొండుమందిలోంచి ఒక్కదాన్ని పక్కకు పిలిచి "నువ్వే" అనే దమ్ము మీకుందా?