నలభై ఒకటో గుంజ

విసింగ్ అక్క గొంతు పోయి పదిహేనేళ్లయింది. పోయిందంటే మూగదైందని కాదు. మైకు గొట్టం పట్టుకుని మా మీద అరిచీ అరిచీ, ఇంట్లో ఉప్పు అందించమని అడిగినా కాకి కూసినట్టే వస్తుంది. పూర్తి పేరు విసితాసియోన్. ఫిలిప్పీన్స్‌లో సమార్ దీవి తూర్పు ఒడ్డున మా మున్సిపాలిటీలో పడవ ఎక్కడ కట్టాలో, ఎవరి పక్కన ఎవరు కట్టాలో, ఎవరు ఎప్పుడు విప్పాలో చెప్పే ఉద్యోగం ఆవిడది. ఇరవై ఆరేళ్లుగా అదే పని. జననమరణాలు రాసే బల్ల దగ్గరికి మార్చమని ముగ్గురు మేయర్లకు అర్జీ పెట్టుకుంది.

"అక్కడ పుట్టినోడు మాట్లాడలేడు, చచ్చినోడు మాట్లాడడు. నాకా బల్ల ఇప్పించండి బాబూ" అని బతిమాలేది. ముగ్గురూ నవ్వి ఊరుకున్నారు. ఈ తలనొప్పి నెత్తికెత్తుకునే మనిషి ఇంకొకరు దొరకాలి కదా!

మామూలు రోజుల్లో మావన్నీ చిల్లర తగువులే. వాడి తాడు నాకు అడ్డమనీ, వాడి రెక్క నా రెక్కకు తగిలిందనీ. మా పడవలకు రెండు పక్కలా వెదురు రెక్కలుంటాయి కనుక ఒక్కో పడవ రెండు పడవల చోటు తింటుంది. అసలు తంటా తుఫాను రోజుల్లో. రేడియోలో రెండో నంబరు హెచ్చరిక వినగానే పడవలన్నీ ఊరి వెనక మడచెట్ల మధ్య ఉన్న పాయలోకి పోవాలి. పాయ ఇరుకు. ఒక పడవ కట్టేశాక దాన్ని దాటి ఇంకొకటి పోలేదు. నలభై ఒక్క గుంజలు, నలభై ఒక్క పడవలు. ఒకటో గుంజ లోపల చిట్టచివర, నలభై ఒకటోది పాయ సముద్రంలో కలిసే మొగ దగ్గర. లోపలివాడు ముందు వెళ్లాలి, అందరి తర్వాత బయటికి రావాలి.

మా బుద్ధి ఇక్కడే బయటపడుతుంది. ఇంకో ఊరివాళ్లయితే గాలి తగలని లోపలి గుంజ కోసం కొట్టుకుంటారు. మేం మొగ గుంజ కోసం కొట్టుకుంటాం. తుఫాను వెళ్లిన మర్నాడు సముద్రంలోకి అందరికన్నా ముందు పోయినవాడిదే చేప. నాలుగు రోజులుగా చేప మొహం చూడని ఊరు వాడి కోసం రేవులో నిలబడి ఉంటుంది. ఆ ఒక్క పూటా వాడే రాజు. పడవ ఏమవుతుందోనన్న భయం ఉండదా అంటే ఉంటుంది. ఆశ దాని నోరు నొక్కేస్తుంది.

పూర్వం ఈ గుంజ కోసం తలలు పగిలేవి. విసింగ్ అక్క వచ్చాక వరస పెట్టింది. తుఫానుకొక గుంజ చొప్పున అందరం మొగ వైపు జరగాలి, మొగ దగ్గరున్నవాడు తర్వాతి తుఫానుకు ఒకటో గుంజకు పోవాలి. ఎవరికైనా తొమ్మిదేళ్లకోసారి మొగ గుంజ వస్తుంది. గాలి మరీ పెద్దదని తోస్తే ఆ గుంజను రద్దు చేసి, పడవను మనుషులతో ఒడ్డు మీదికి లాగించే అధికారం మున్సిపాలిటీ ఆవిడ చేతికిచ్చింది. పాయకు ఏది అడ్డం పడ్డా, అది ఎవరిదైనా సరే, తుఫాను తగ్గిన రోజు మధ్యాహ్నంలోగా తీసేయించాలని కూడా రాసుంది. రాసింది ఆవిడే.

ఆగస్టులో వచ్చిన తుఫానుకు మొగ గుంజ అంబో తాతది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి, అదే ఆఖరిసారి అనుకున్నాడు. రేడియోవాడు ఇంతటి గాలి ఎన్నడూ లేదన్నాడు. "నక్క పుట్టి నాలుగు వారాలు కాలేదు, ఇంత గాలివాన ఎన్నడూ చూడలేదందట" అని తాత నవ్వాడు. విసింగ్ అక్క నవ్వలేదు. రద్దు చేసింది. ముప్పైమందిమి కలిసి తాత పడవను కొబ్బరితోటలోకి మోశాం. తీరా తుఫాను దారి మార్చుకుని ఉత్తరానికి పోయింది. మర్నాడు తెల్లారకముందే మేమంతా సముద్రం మీద పడ్డాం. తాత పడవను నీళ్లలోకి దించడానికి మాత్రం ఊళ్లో మగాడు మిగల్లేదు. మూడో రోజుకు గానీ అది తడవలేదు.

అప్పటినుంచి మొదలైంది ఆవిడ ఖర్మ. కొబ్బరి కల్లు తాగే చోటా, కోడిపందేల దగ్గరా ఆవిడ మాటే. 'గాలిలేని విసింగ్' అని పేరు పెట్టారు. పెట్టారేమిటి, పెట్టింది నేనే. ఇవాళ చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆ రోజు మాత్రం పది మంది నవ్వితే ఛాతీ విరుచుకున్నాను.

నవంబరులో మళ్లీ హెచ్చరిక వచ్చింది. నాది పదిహేడో గుంజ. మొగ గుంజ సియానోది. సియానో ఎవరో కాదు, విసింగ్ అక్క తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడికి నాలుగేళ్లు. పెళ్లీ గిళ్లీ అనుకోకుండా వాణ్ణి సాకింది ఈవిడే. పదిహేనేళ్లు ఊళ్లోవాళ్ల పడవల మీద కూలికి పోయి, చివరికి వాడు సొంత చేతులతో ఒక పడవ చేసుకున్నాడు. రెండేళ్లు పట్టింది. పలక పలకా వాడే చెక్కాడు. దానికి మొగ గుంజ రావడం అదే మొదలు.

మధ్యాహ్నానికి ముప్పై తొమ్మిది పడవలు లోపలికి వెళ్లాయి. ఆకాశం ఉడకేసిన గుడ్డులా ఉంది, ఆకు కదలడం లేదు. విసింగ్ అక్క మోకాళ్లకు తైలం రాసుకుంటూ గట్టు మీద కూర్చుంది.

"సియానో, ఒడ్డుకి లాగించేద్దాంరా. నాకెందుకో మనసు బాలేదు" అంది.

"నీ మనసు ఎప్పుడు బాగుంది గనకక్కా? పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా వంతొచ్చింది. అంబో తాతకి చేసిందే నాకూ చేస్తావా?"

"పడవుంటే వంతులు చాలా వస్తాయిరా."

"తొమ్మిదేళ్లకొస్తాయి. అప్పటికి నాకూ మోకాళ్ల నొప్పులొస్తాయి, నీ తైలం రాసుకుంటా కూచుంటా."

ఒకటో గుంజ దగ్గర పడవ కట్టేసి గట్టు వెంట వస్తున్న అంబో తాత ఆ మాట విన్నాడు. "నాది రద్దు చేసినప్పుడు చెయ్యి వణకలేదు గదమ్మా! తమ్ముడిదయ్యేసరికి పాపం, చెయ్యి రావట్లేదు" అన్నాడు.

రద్దు చేస్తే తమ్ముడి పడవ కాపాడుకుంది అంటారు, చెయ్యకపోతే తమ్ముడికి మొదటి చేప ఇప్పించుకుంది అంటారు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఆవిడే. అంతటితో ఊరుకున్నామా? గుంపులోంచి నేను నోరు చేసుకున్నాను.

"ఏం విసింగక్కా, ఇవాళ కూడా గాలి సెలవెట్టిందంటగా? సియానోకి పండగే!"

అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ నా వైపు చూసింది. కోపంగా కాదు, రోజంతా బరువు మోసినవాళ్లు ఎదురుగా ఇంకో మూట కనిపిస్తే చూసినట్టు చూసింది.

"నీ నోట్లో పంచదార పొయ్య. నీ మాటే నిజమవ్వాలి బుర్సియో" అంది. తమ్ముడి వైపు తిరిగి, "కట్టుకో. మోకులు రెండు కాదు, నాలుగెయ్యి" అంది. మైకు గొట్టం భుజానికి తగిలించుకుని, మోకాలు పట్టుకుని లేచి వెళ్లిపోయింది.

గాలి సెలవు పెట్టలేదు. చర్చిలో తలదాచుకున్న మాకు పైకప్పు రేకులు లేచిపోతుంటే ఒకరి మాట ఒకరికి వినబడలేదు. తెల్లారి చూస్తే ఊరికి వచ్చే రోడ్డు మీద కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా పడున్నాయి. బియ్యం కొట్టు నీళ్లలో ఉంది. లారీ రావాలంటే వారమైనా పడుతుందన్నారు. చంటిపిల్లలకు పచ్చి అరటికాయ ఉడకేసి పెడుతున్నారు. ఇక ఊరికి దిక్కు సముద్రమే.

పాయ దగ్గరికి పరిగెత్తాం. లోపలి నలభై పడవలూ చెక్కుచెదరలేదు. నలభై ఒకటోది మాత్రం నాలుగు మోకుల్లో మూడు తెంచుకుని, అడుగు పగిలి, మొగకు అడ్డంగా కూరుకుపోయింది. ఇంజను దాకా బురద నిండింది. ఒక రెక్క ఈ గట్టులో, ఇంకోటి ఆ గట్టులో దిగబడ్డాయి. సీసాకు బిరడా వేసినట్టే, ఒక్క పడవ కూడా బయటికి పోయే దారి లేదు.

సియానో నడుముల్లోతు నీళ్లలో దాన్ని పట్టుకుని నిలబడున్నాడు. అక్క రాగానే మొదలెట్టాడు.

"ఐదు రోజులాగక్కా. అమావాస్యకి పోటు పెరుగుద్ది. ఖాళీ డ్రమ్ములు కట్టి లేపుతా. అడుగు పలకలు ఆరే పోయినయ్, లెక్కెట్టా. మళ్లీ వేసుకుంటా. ఐదు రోజులే!"

ఆవిడ పగిలిన పడవను చూసింది, తర్వాత గట్టు మీద గిన్నెలూ బుట్టలూ పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లను చూసింది.

"ఐదు రోజులు ఈళ్లేం తింటార్రా?" అంది.

వాడు పడవ మీదినుంచి చెయ్యి తియ్యలేదు. ముందురోజు అంత పెద్ద నోళ్లేసుకున్నవాళ్లం, ఒకరి వెనక ఒకరం నక్కాం. పడవను నరికి ముక్కలు తీస్తే తప్ప దారి లేదని అందరికీ తెలుసు. నలభైమందిమి నడుముకు కత్తులు కట్టుకునే వచ్చాం. కాని పరాయివాడి పడవ మీద మొదటి కత్తి వేసినవాడి పడవ ఆ ఏడాది దాటదని మా నమ్మకం. మొదటి వేటు సొంతవాడు వేయాలి, లేదా వాడి రక్తసంబంధీకులు వేయాలి. ఆ తర్వాత ఎవరైనా చెయ్యి కలపొచ్చు. సియానోకు రక్తసంబంధం అంటే ఈ లోకంలో ఒక్క మనిషే.

ఎండ నడినెత్తికి వస్తోంది. ఆవిడ నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"నీ కత్తి ఇలా ఇవ్వు."

"అక్కా..." అన్నాను.

"నిన్న నాకు గాలికి భయం వెయ్యలేదు బుర్సియో. మీ నోళ్లకి భయమేసింది. నిజానికి భయం కూడా కాదు, ఓపిక లేక వదిలేశా. ఇంకొక్కసారి అరవడానికి ఓపిక లేక. ఇవ్వు."

ఇచ్చాను. నా చేత్తో నేనే ఇచ్చాను. ఆవిడ మున్సిపాలిటీ నీలం చొక్కాతోనే నీళ్లలోకి దిగింది. తమ్ముడి మొహం చూడలేదు. పడవ నడుం మీద ఒక వేటు వేసింది. చిన్న గాటు పడిందంతే. ఇంకోటి వేసింది, జారింది. యాభై తొమ్మిదేళ్ల చేతులు, గట్టి చెక్క. మూడు, నాలుగు. కత్తి బిగుసుకుపోయి ఊడి రాలేదు. దాన్ని రెండు చేతులతో లాగుతూ ఏడ్చేసింది. ఇరవై ఆరేళ్లలో ఆవిడ ఏడవడం నేను చూడలేదు. సముద్రం మీద బతికే మనుషులం, మాకూ ఏడుపొచ్చింది. అంబో తాత టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

సియానో నీళ్లు తోసుకుంటూ వచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. అక్క వేళ్లు ఒక్కొక్కటిగా విడదీసి కత్తి తీసుకున్నాడు.

"అలా కాదక్కా. నడుం మీద కొడితే సాయంత్రందాకా కొడతానే ఉంటావ్. నేను గట్టిగా బిగించిన చోటది" అన్నాడు. వాడి గొంతు మామూలుగానే ఉంది, అందుకే వినలేకపోయాం. "ముక్కు కింద అతుకుంటది. అక్కడైతే ఊరికే ఊడొచ్చేస్తది. జరుగు."

మూడు వేట్లకు ముక్కు విడిపోయింది. అప్పుడు మేమంతా దూకాం. రెక్కలు కోసినవాళ్లు కోశాం, పలకలు మోసినవాళ్లు మోశాం. మధ్యాహ్నం గంట కొట్టేలోపు మొగ తెరుచుకుంది. పలకలన్నీ సియానో చెప్పినచోటే, వరసగా, మంచివి వేరుగా చెడ్డవి వేరుగా గట్టు మీద పేర్చాం.

బయటికి వెళ్లడానికీ వరసుంటుంది. విసింగ్ అక్క తడి చొక్కాతోనే గట్టెక్కి, కాగితం తీసి, మైకు గొట్టం నోటి దగ్గర పెట్టుకుంది. ఇరవై ఆరేళ్ల అలవాటు. కాగితంలో మొదట ఏది ఉందో అదే చదివింది.

"నలభై ఒకటి, సియానో!"

ఆవిడ గొట్టం దించేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నీళ్లలోంచి సియానో చెయ్యెత్తాడు.

"ఉన్నానక్కా. నాది పోయింది, దారి ఖాళీ. తర్వాతోణ్ణి పిలు."

ఆవిడ గొట్టం మళ్లీ ఎత్తింది. తర్వాత నలభై అని పిలిచింది.