నేను పీకేసిన సముద్రం

"లుంగీ ఆరిందా?"

"ఆరలేదు. పచ్చిదే పట్టుకుపో. ఓడ మీద ఆరేసుకో."

మా ఆయనా నేనూ చివరిగా అనుకున్న మాటలు ఇవే. ఆయన తాపీ మేస్త్రీ. మా ఊరికి దక్షిణంగా ఉన్న కింది దీవుల్లో కంట్రాక్టు పని దొరికిందని ఓడెక్కాడు, పదో రోజున సునామీ వచ్చింది. ఆ రోజుల్లో మా దీవుల్లో ఎవరికి ఎవరితో ఏది చివరి మాటో ముందుగా తెలిసే వీలు లేకపోయింది. తెలిస్తే నేనూ ఓ మంచి మాట ఏరుకుని ఉండేదాన్ని. కానీ ఇప్పుడు చెప్పబోయేది ఏడుపు సంగతి కాదు. నాకు పాతికేళ్ళు కూడా నిండకముందు, బొత్తిగా చదువురాని నేను రెండు కంప్యూటరు కార్డుల పోటీకి తీర్పు మార్చేసిన సంగతి. (అలా చూడకే మేనకోడలా, నేను చెప్పింది చెప్పినట్టు రాయి.)

ఆయన పోయిన ఏడాదికి నేను ఆస్టినాబాద్‌లో మా అన్నయ్య ఇంట్లో ఉన్నాను. అన్నయ్య ఏమీ అనేవాడు కాదు. వదిన మాత్రం అన్నం వడ్డిస్తూ, "తిండికేం గాని, మనిషన్నాక ఏదో పనుండాల కదమ్మా" అనేది. (మీ అమ్మ గురించే. కొట్టెయ్యకు, అన్నది అన్నట్టే ఉండనీ.) అందుకని దగ్గర్లోనే ఉన్న గరాచర్మ బజార్లో ఒక కంప్యూటర్ల షాపులో ఊడ్చి తుడిచే పనికి కుదిరాను. షాపు యజమానిని అందరూ సేటు అనేవారు. పేరుకే సేటు, పుట్టింది శ్రీకాకుళం వైపు. ముక్కుపొడుం పీల్చనిదే ఒక్క ముక్క మాట్లాడలేడు. షాపులో రిపేర్లన్నీ ఆయన బావమరిది చూసేవాడు. పనిలో చేరి నాలుగు రోజులైందో లేదో, ఆ పోటీ వచ్చి పడింది.

సేటు పిల్లల కోసం కంప్యూటరు ఆటల గది పెడదామనుకున్నాడు. తెర మీద బొమ్మలు గబగబా కదలాలంటే లోపల ఒక కార్డు ఉండాలట. అరచేతికన్నా కాస్త పెద్ద పచ్చ పలక, దాని నెత్తిన బుల్లి ఫ్యాను. బావమరిది చెన్నై నుంచి రెండు రకాలు తెచ్చాడు, ఒకటి ఖరీదైనది, ఒకటి చవకది. ఖరీదైన దాన్ని ఓడలో మూడు రోజులూ పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. నెగ్గినది ఉంటుంది, అలాంటివే ఇంకొన్ని వస్తాయి. ఓడినది మర్నాటి ఓడలో వెనక్కి పోతుంది. ఒకేలాంటి రెండు కంప్యూటరు పెట్టెల్లో చెరొకటి బిగించి, రెండు తెరల మీదా ఒకే బొమ్మ ఆడించారు. ఏ కార్డుకి ఎంత సత్తా ఉందో తేల్చే బొమ్మట అది.

ఆ బొమ్మ సముద్రం.

ఎడమ తెర మీద ఖరీదైన కార్డు. అలలు నూనె పోసినట్టు జారుతున్నాయి. కుడి తెర మీద చవకది. అల లేస్తుంది, మధ్యలో ఆగుతుంది, గుర్తొచ్చినట్టు మళ్ళీ పడుతుంది. బావమరిది మీసం దువ్వుకున్నాడు.

"చూశావా బావా? మఖ్ఖన్! వెన్నలా జారుతోంది!"

"అరే, రుకో. ఇప్పుడే ఏటైపోనాది? పెళ్ళికూతురు మొదటి రోజు అందంగానే ఉంటాది. గంటసేపు వేడెక్కనీ, అప్పుడు చూద్దుం."

"సరే, గంట. దీదీ, మేం చాయ్ తాగి వస్తాం. వీటిని ముట్టుకోకు, ఆఁ?"

ముట్టుకోనన్నాను. అప్పుడు నిజంగానే ముట్టుకునే ఉద్దేశం లేదు. వాటికి వీపు పెట్టి ఊడ్చాను. బల్లలు తుడిచాను. తుడిచినవే మళ్ళీ తుడిచాను. వీపు వెనక నీళ్ళు కదులుతున్నట్టే ఉంది. తిరిగి చూస్తే రెండు తెరల్లోనూ అల నా మీదికే వస్తోంది. చప్పుడు లేదు. వస్తోంది, వస్తోంది, అంతే, వెనక్కి పోవడమన్నది లేదు. నా చేతిలో చీపురు ఎప్పుడు జారిపోయిందో తెలీదు. పెట్టెల వెనక్కి వెళ్ళి, తెరలకు పోయే తీగలు రెండూ పట్టుకుని పీకేశాను.

రెండు సముద్రాలూ నల్లబడ్డాయి. ఎంత హాయిగా ఉందో! నేల మీద కూలబడి నీళ్ళు తాగాను కూడా.

ఇంతలో మెట్ల మీద సేటు దగ్గు. ఈ పని పోతే మళ్ళీ వదిన వడ్డించే అన్నం ముందు కూర్చోవాలి. గబగబా తీగలు దొరికిన కన్నాల్లో గుచ్చేశాను. రెండు తీగలూ కవలపిల్లల్లా ఉన్నాయి, నన్నేం చెయ్యమంటావు?

ఇద్దరూ వచ్చారు. ఎడమ తెర మీద అల లేచి, ఆగి, పడింది. కుడి తెర మీద నూనె జారింది.

సేటు రెండు చేతులా పొడుం ఎగరేశాడు. "దేఖో! నానేటన్నాను? ఖరీదైన దొర గారికి ఎండదెబ్బ తగిలిపోనాది!"

బావమరిది మొహం మాడిపోయింది. ఎడమ పెట్టె మూత విప్పి, అట్టముక్కతో విసరడం మొదలుపెట్టాడు, మూర్ఛపోయిన మనిషికి విసిరినట్టు. ఎంత విసిరినా ఆ అల తడబడుతూనే ఉంది.

"ప్యాక్ కరో. రేపటి ఓడకి పంపించెయ్."

అతను కార్డుల డబ్బా తెచ్చాడు. మూత తెరిచి, అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. "ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను బావా" అన్నాడు మెల్లగా. నోరు మూసుకుని ఊరుకుంటే నా పని నాకుంటుంది. కానీ ఆ గొంతు వినలేకపోయాను.

"దాని తప్పు లేదు భయ్యా. తీగలు నేనే పీకినాను. పెట్టేటప్పుడు అటూ ఇటూ అయిపోయినట్టున్నాయి."

సేటు నావైపు తిరిగాడు. "ఎందుకు పీకినావు?"

"నీళ్ళు ఆగడం లేదు."

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను సునామీలో పోయినవాడి పెళ్ళాన్నని వాళ్ళకి తెలుసు. బావమరిది వెళ్ళి తీగలు మార్చాడు. ఎడమ తెర మీద మళ్ళీ నూనె జారింది. అప్పుడు మాత్రం అతను నవ్వు ఆపుకోలేకపోయాడు. సేటు పొడుం డబ్బా మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు.

"ముందే చెప్పాల కదమ్మా, ఏ పూలతోట బొమ్మో ఎట్టుదుం. సరే, పీకడం వచ్చింది కదా, రేపటి నుంచి పెట్టడం నేర్సుకో."

"దీదీ, అసలు మాట నువ్వు చెప్పు" అన్నాడు బావమరిది. "రెండిట్లో ఏది నిజం సముద్రంలా ఉంది?"

ఈసారి దగ్గరికి వెళ్ళి చూశాను, ముక్కు తెరకి తగిలేంత దగ్గరికి. "ఇది జారుతోంది, అది తడబడుతోంది. ఉప్పు వాసన దేనికీ లేదు" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదటిసారి.

ఆ షాపులో పన్నెండేళ్ళు పనిచేశాను. ఎన్ని పెట్టెలు విప్పానో, ఎన్ని తీగలు బిగించానో! అయినా ఈ రోజుకీ నాకు ఇష్టమైనది చీపురు వదిలేసి నేల మీద కూర్చుని, సముద్రాన్ని ఆపేశానని ధీమాగా నీళ్ళు తాగిన ఆ పిచ్చిపిల్లే. దాన్ని ఇప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఇంకో గ్లాసు నీళ్ళు ఇవ్వాలనిపిస్తుంది.

అయిందే. ఇక మొదట్నుంచి చదివి వినిపించు. తీగలు పీకిన చోట నీకు నవ్వొస్తే ఆపుకోకు, నాకూ వస్తుంది.