నాగులమ్మ చేతికి తెలిసింది

అనంతసాగరం చుట్టుపక్కల ఎవరి చెయ్యి విరిగినా, ఎవరి కాలు బెణికినా మొదట వినబడే పేరు మస్తానయ్యది. ఆత్మకూరు నుంచీ చేజర్ల నుంచీ, ఒక్కోసారి ఉదయగిరి కొండ అవతలి ఊళ్ళ నుంచీ కూడా ఆటోలు మాట్లాడుకుని వస్తారు. ఆదివారం, బుధవారం పొద్దున్నే, పరగడుపున కట్టు కడతాడు. మినప్పిండి, కోడిగుడ్డు సొన, కొండ మీది ఆకు పసరు, పైన పాతగుడ్డ, వెదురుబద్దలు. వాళ్ళ నాయన కట్టాడు, తాత కట్టాడు. ఆ ఆకు పేరు ఇంటికొచ్చిన కోడళ్ళకు చెప్పకూడదని వాళ్ళ వంశంలో ఒక కట్టడి. మరి ఆ ఆకు కొండెక్కి కోసుకొచ్చేదెవరు, రోట్లో వేసి నూరేదెవరు? మస్తానయ్య భార్య నాగులమ్మే. ముప్పై ఏళ్ళుగా ఆమే. పేరు చెప్పరు గాని పని మాత్రం చెప్తారు.

నాగులమ్మ గురించి ఊళ్ళో ఎవరినడిగినా "కట్టు మస్తానయ్య పెండ్లాం" అంటారు. ఆపైన చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏమీ ఉండదు. నిజానికి చెప్పవలసింది చాలా ఉంది. ఆడవాళ్ళ భుజం మీదా, మెడ కిందా మస్తానయ్య చెయ్యి వేయడు, అది మర్యాద కాదు. అందుకని తడిక అవతల చీర అడ్డం కట్టి, నాగులమ్మ తడిమి చూస్తుంది. ఎముక ఎక్కడ విరిగింది, ముక్క ఎంత జరిగింది, లోపల గరగరమంటోందా లేదా, అన్నీ వేళ్ళతోనే తెలుసుకుని మొగుడి చెవిలో చెప్తుంది. ఆయన బయటికొచ్చి, కాసేపు కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని, ఆ మాటే తన మాటగా చెప్తాడు.

పదకొండేళ్ళ కిందట వింజమూరు టీచరమ్మ సుకుమారి స్కూటీ మీంచి పడి వచ్చింది. మెడకూ భుజానికీ మధ్య అడ్డంగా ఉంటుందే, ఆ ఎముక విరిగింది. అది విరిగిన చాలామందికి చేతిని గుడ్డ ఉయ్యాలలో వేసి మెడకు తగిలిస్తే చాలు, దానంతటదే అతుక్కుంటుందని నాగులమ్మకు తెలుసు. సుకుమారిది అలా లేదు. విరిగిన కొన చర్మాన్ని లోపలి నుంచి గుడారం గుంజలాగా ఎత్తిపట్టింది. అక్కడ చర్మం తెల్లబడి ఉంది, వేలితో పక్కకు జరపబోతే జరగలేదు. "ఇది మనది కాదయ్యా, ఈపొద్దే నెల్లూరికి పంపించు" అని నాగులమ్మ తడిక వెనక చెప్పింది. మస్తానయ్య బయటికొచ్చి, "అమ్మా, ఇది నా చేతి పని కాదు. కానిదాన్ని అవుద్దని చెప్పే రకం కాదు నేను" అన్నాడు.

సుకుమారి ఆపరేషన్ చేయించుకుని బాగుపడింది. బాగుపడి, చేతగానిది చేతగాదని చెప్పే మనిషి మస్తానయ్య ఒక్కడేనని మూడు మండలాల్లో చాటింది. ఆయన పేరు రెండింతలైంది. నాగులమ్మకు ఆ రోజు కోపం రాలేదు. తర్వాత తర్వాత, కొంచెం కొంచెంగా వచ్చింది. వచ్చిన కోపం మళ్ళీ పోలేదు.

మొన్న కోతల కాలంలో ఒక శనివారం పొద్దున మస్తానయ్య చేజర్ల నుంచి బండి మీద వస్తున్నాడు. ఎవరో మహానుభావులు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, వాటి చుట్టూ తలకాయంత రాళ్ళు పేర్చారు. రోడ్డు వాళ్ళ కళ్ళం అయినట్టు! ఎదురుగా లారీ వచ్చింది. ఈయన పక్కకు తిప్పాడు, ముందు చక్రం రాయెక్కింది, బండి ఒకవైపు పడింది, మనిషి ఒకవైపు పడ్డాడు. కుడి భుజం మీద పడ్డాడు. ఆత్మకూరులో ఎరువుల కొట్లో పనిచేసే కొడుకు పెంచలప్రసాద్ పరుగెత్తుకొచ్చి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రే చూసింది, చర్మం చూసింది. "కాలర్‌బోన్ విరిగితే ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. మీకు కావాలి. ముక్క చర్మాన్ని పొడుస్తోంది. చర్మం చిట్లిందంటే చీముపడుతుంది. నెల్లూరు వెళ్ళి ప్లేటు వేయించుకోండి, ఆలస్యం చేయొద్దు" అంది. మస్తానయ్య అన్నిటికీ తలూపాడు. ఊపి, ఆటో ఎక్కి నేరుగా ఇంటికొచ్చాడు.

మధ్యాహ్నం మంచం మీద పడుకోబెట్టి నాగులమ్మ తడిమి చూసింది. వేలు పెట్టగానే ఆమెకు అర్థమైపోయింది.

"ఎట్టుండాది?" అన్నాడు మస్తానయ్య.

"సుకుమారి టీచరమ్మదానికన్నా అన్యాయంగా ఉండాది. డాక్టరమ్మ చెప్పింది నిజం. పదయ్యా, నెల్లూరు పోదాం."

"ఊరుకో. కట్టు కట్టేవాడే పోయి ఆపరేషన్ చేయించుకుంటే రేపట్నించి నా గడప ఎవడు తొక్కతాడే? ఎవరికీ తెలియగూడదు. రేప్పొద్దున వచ్చినోళ్ళకి తిరుపతి పొయినాడని చెప్పు. నువ్వు ఆకు నూరి, లోపల నువ్వే కట్టు కట్టు."

నాగులమ్మ ఆ పూటంతా నచ్చజెప్పింది. అది ఆయన కుడిచెయ్యి. ఆ చేత్తోనే అన్నం తినాలి, ఆ చేత్తోనే ఇంకొకరికి కట్టు కట్టాలి. పొడుచుకొస్తున్న ఎముక మీద వెదురుబద్ద పెట్టి బిగిస్తే ఏమవుతుందో ఆయనకు తెలియనిది కాదు. ఇదే దెబ్బ ఇంకొకరికి తగిలితే అరగంటలో బస్సెక్కించి ఉండేవాడు. తనదాకా వచ్చేసరికి ఎముక కంటే పేరు ముఖ్యమైంది. నాగులమ్మకు కడుపు మండిపోయింది.

ఆదివారం పొద్దున ఏడు గంటలకే ముందరి రేకుల షెడ్డులో పది పన్నెండు మంది చేరారు. మస్తానయ్య నడింట్లో తలుపేసుకుని కూర్చున్నాడు. నాగులమ్మ పెరట్లో రోటి దగ్గర ఉంది. పక్కన గంపెడు ఆకు ఉంది, చేతిలో పొత్రం లేదు.

"నూరినావా?" అని లోపలి నుంచి కేక వచ్చింది.

"నూరలేదు. నూరను."

కొడుకు పెంచలప్రసాద్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "అమా, నాయన మాట ఒక్కసారికి విను. రెండు రోజులు కట్టు కట్టి చూద్దాం, తగ్గకపోతే అప్పుడు పోదాం" అన్నాడు.

"ఏంది చూసేది? చర్మం పగిలేది చూస్తావా? డాక్టరమ్మ చెప్పేటప్పుడు నువ్వు యాడుండావురా, చెవులు కొట్లో పెట్టేసి వచ్చినావా?" అని కొడుకు మీద విరుచుకుపడింది నాగులమ్మ. వాడు తల వంచుకున్నాడు. ఎటూ తేల్చలేని మనిషి, పాపం. వాణ్ణి చూస్తే ఆమెకు కోపం ఇంకా ఎక్కువైంది.

మస్తానయ్య గుమ్మంలోకి వచ్చాడు. నొప్పికి మొహం నల్లగా కమిలిపోయి ఉంది, ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని ఉన్నాడు. "మూడు తరాల కట్టు ఇది. నువ్వు ఆడదానివి, ఎముకల గురించి నీకేం తెలుసే?" అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండవలసింది. నాగులమ్మ ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసింది. ముప్పై ఏళ్ళుగా తడిక వెనక ఈ చెవిలోనే గదా చెప్పింది! ఆమెకు ఏడుపు వస్తుందేమో అనిపించింది గాని రాలేదు. గంప ఎత్తి, ఆకంతా తీసుకుపోయి మేకల ముందు కుమ్మరించింది. కొంగు నడుముకు బిగించి నేరుగా షెడ్డులోకి పోయింది.

"ఇనండి. ఈపొద్దు కట్టు లేదు. ఆయన నిన్న బండి మీంచి పడినాడు. మెడకింద ఎముక ఇరిగింది. కట్టుకు లొంగేది కాదు. నెల్లూరు పోతా ఉండాడు, ఆపరేషన్‌కి."

షెడ్డులో అందరూ నోళ్ళు తెరిచారు. ముందు వరసలో కూర్చున్న కామయ్య, బెణికిన మణికట్టును తువ్వాలులో చుట్టుకున్న పెద్దమనిషి, "అయితే మాకు ఎవరు కడతారమ్మా? పొద్దున్నుంచి కాఫీ కూడా తాగకుండా వచ్చినామే" అన్నాడు. మనిషి ఎలా ఉన్నాడని ఒక్కరూ అడగలేదు. వీళ్ళ కోసమా ఆయన చెయ్యి పోగొట్టుకుంటానంటున్నాడు అనుకుని నాగులమ్మ పళ్ళు నూరింది.

వెనక తలుపు చప్పుడైంది. మస్తానయ్య షెడ్డులోకి వచ్చాడు. గుట్టంతా బయటపడింది, ఇంక లోపల కూర్చుని ఏం చేస్తాడు? కామయ్య లేచి, "నిజమేనా మస్తానయ్యా? కట్టుకు లొంగదని ఎవరు చెప్పినారు నీకు?" అని అడిగాడు.

మస్తానయ్య కాసేపు కళ్ళు మూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఎవరో చెప్పేదేంది కామయ్యా? నేనే తడిమి చూసుకున్నాను. ఇది నా చేతి పని కాదు. కానిదాన్ని అవుద్దని చెప్పే రకం కాదు గదా నేను, నాకైనా అంతే."

"ఆహా! మనిషంటే ఇట్టా ఉండాలి" అన్నాడు కామయ్య. మిగిలిన వాళ్ళు తలలాడించారు. ఎవరో దణ్ణం కూడా పెట్టారు.

నాగులమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. అబద్ధమని అరవడానికి నోరు తెరిచింది. అరిస్తే ఏమవుతుందో కూడా అప్పుడే తట్టింది. నలుగురిలో తల కొట్టేసినట్టయి ఈయన మళ్ళీ లోపలికి పోతాడు, గడియ వేసుకుంటాడు, పక్కూరి నుంచి ఎవడినో పిలిపించి బద్దలు బిగించుకుంటాడు. చెయ్యి పోతుంది. తెరిచిన నోరు మూసుకుని, "ప్రసాదూ, ఆటో పిలవరా" అని మాత్రం అంది. అబద్ధమనే ఆ మాట మింగడం ముప్పై ఏళ్ళలో మింగిన అన్నిటికంటే కష్టమైంది.

ఆ మధ్యాహ్నానికి నెల్లూరు చేరారు. మంగళవారం ఆపరేషన్ అయింది. ప్లేటు వేసి, స్క్రూలు బిగించారు. నాగులమ్మ ఆయనకు ముద్దలు కలిపి నోట్లో పెట్టింది, నీళ్ళు తాగించింది, లుంగీ మార్చింది. ఒక్క మాట మాట్లాడలేదు. పక్క మంచాల వాళ్ళు ఆమెను మూగదనుకున్నారు.

గురువారం పొద్దున పెద్ద డాక్టరు వార్డులోకి వచ్చాడు. మస్తానయ్యను వేళ్ళు కదిలించమని చూసి, తృప్తిగా తలూపాడు. "నీ చర్మం ఇంకో రెండు రోజులు ఆగేది కాదు. నువ్వు కట్టు కడతావంట గదా, మీ అబ్బాయి చెప్పాడు. అయినా దాని మీద కట్టు బిగించకుండా వచ్చావు, మంచిపని చేశావు. ఎలా తెలిసింది?" అన్నాడు.

మస్తానయ్య ఓరగా నాగులమ్మను చూశాడు. "అనుభవం సార్. చెయ్యి పెడితే తెలిసిపోద్ది" అన్నాడు.

డాక్టరు నవ్వి, భుజం తట్టబోయి ఆగి, తలుపు వైపు నడిచాడు. నాగులమ్మ ఆయన వీపునే చూస్తూ నిలబడింది. ఇప్పుడు ఎముక కుదిరింది. కుట్లు పడ్డాయి. ఇంక ఏ చెయ్యి కోసం నోరు మూసుకోవాలి?

మంచం మీంచి మస్తానయ్య ఎడమచేత్తో ఆమె కొంగు పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. మనిషి నిజంగానే కరిగాడు, అందులో అబద్ధం లేదు. చుట్టూ చూసి, ఎవరికీ వినబడకుండా, "నువ్వు లేకపోతే నా చెయ్యి పొయ్యేది నాగులూ. నీ చేతికి తెలిసినంత నాకెప్పుడూ తెలీదు" అన్నాడు.

నాగులమ్మ కొంగు విడిపించుకుంది. నాలుగు రోజుల తర్వాత నోరు విప్పింది, వార్డు ఆ చివర వరకూ వినబడేటట్టు.

"నాకు తెలిసిన సంగతి నాకెందుకయ్యా చెప్తావు? గట్టిగా చెప్పు. డాక్టరు ఇంకా గుమ్మం దాటలేదు."