ఊపిరి బిగబట్టమని చెప్పినందుకు గైర్హాజరు

మా ఇంటర్న్‌షిప్‌లో నియమం ఒకటే: ఏ వార్డులో డ్యూటీ పడితే, మధ్యాహ్నం రౌండ్స్‌లో ఆ వార్డులో కనబడాలి. కనబడకపోతే గైర్హాజరు. రాయని నియమం ఇంకొకటి ఉండేది. గంగారం, కురవి వైపు తండాల నుంచి ఎవరు స్కానింగ్‌కు వచ్చినా, రౌండ్స్ వేళైనా సరే, నన్ను పిలిచేవారు. మా ఇంటి భాష, వాళ్ల భాష ఒకటే.

"ఊపిరి బిగబట్టు!" అని టెక్నీషియన్ తెలుగులో అరిస్తే ముసలివాళ్లు నోరు మూసుకుని ముక్కుతో ఇంకా జోరుగా పీల్చేవారు. తెర మీద కాలేయం నిలిచేది కాదు. నేను మా మాటలో చెబితే ఒక్కసారికే నిలిచేది. ఆ తెర ముందే నాకు రేడియాలజీ మీద మనసు పడింది. పీజీ పరీక్షలో ఆ సీటుకు సరిపడే ర్యాంకూ వచ్చింది. ఇక కావలసింది, గడువులోపు ఇంటర్న్‌షిప్ పూర్తయినట్టు సర్టిఫికెట్.

ఆఫీసులో గుమాస్తా తల అడ్డంగా ఊపాడు.

"మెడిసిన్ వార్డుల హాజరు తక్కువున్నది డాక్టర్ సాబ్. ఆ రోజులన్ని మళ్ల చెయ్యాలె."

"నేను గీ దవాఖాన్లనే, స్కానింగ్ రూముల ఉన్న అన్నా!"

"ఎవలు పొమ్మన్నరు? కాయితం ఉన్నదా?"

నన్ను పిలిపించిన రేడియాలజిస్టునే ఒక్క వాక్యం రాసిమ్మన్నాను.

"గదెట్ల రాస్త తమ్మీ? వార్డుల పిలగాన్ని ఎందుకు గుంజుకున్నవని నన్నే అడుగుతరు. నోటితోటి చెప్త తీయ్."

చెప్పలేదు. గడువు దాటింది. ర్యాంకు ఉండి కూడా నేను కౌన్సెలింగ్‌కు అనర్హుణ్ణయ్యాను. ఆ ఏడాది పోయింది. నేను సినిమాకు పోలేదు, హాస్టల్లో పడుకోలేదు. పిలిస్తే పోయి పని చేశాను. దాని పేరు గైర్హాజరట!

ఆ రోజులు పూడుస్తూ వార్డులో ఉండగా స్కానింగ్ సిస్టర్ మళ్లీ వచ్చింది.

"జర రా తమ్మీ. తండా అవ్వ ఒచ్చింది, సారు పరేషాన్ అయితుండు."

"కాయితం రాసిమ్మను అక్కా, ఒస్త."

చివరికి ఆయనే వచ్చాడు. "గింత పంతమా? అవ్వ నొప్పితోటి పండుకున్నది."

"అందుకే జల్ది రాయండ్రి సార్."

జేబులోని చీటీ తీసి, నిలబడే రాసి సంతకం పెట్టాడు. అప్పుడు నేను అడిగిన అదే వాక్యం. అది రాయడానికి, ఆ తర్వాత అవ్వ ఊపిరి బిగబట్టినంతసేపు కూడా పట్టలేదు.